బర్మాలోనే చెల్లే నోటు

మొన్న ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకుని ఆటో కోసం నిలబడితే, పాత నాణేల బడ్డీ అతను కేకేసి పిలిచాడు. గుడి రోడ్డులో లాడ్జీల వరస చివర, కొబ్బరికాయల దుకాణం పక్కన ఉంటుంది ఆ బడ్డీ. ఫోను నా ముఖం ముందు పెట్టి, "పిన్నీ, మీ నోటు మళ్లీ వేలం పాటకొచ్చినాది సూడు" అన్నాడు.

చూశాను. తెల్లదొరల నాటి రాజు బొమ్మ ఉన్న పది రూపాయల నోటు. ఒక అంచు పొడుగునా సూది బెజ్జాలు. కింద ఇంగ్లీషులో బారెడు రాత. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ రాతలో ఏముందో తెలుసు. అందులో రంగూను రేవు ఉంది, యుద్ధం ఉంది, తుఫాను ఉంది, ఆకలి ఉంది, కళ్లు పోయిన మా మేనత్త ఉంది. వాటన్నిటినీ ఫోనులో పాట పెట్టేవాళ్లకు చెప్పిన మా బావ మాత్రం అందులో లేడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఐసు గదుల దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. వాటితో ఎండుచేపల లెక్కలూ పింఛను కాగితాలూ తప్ప ఏమీ రాసింది లేదు. అందుకని ఆయన గురించి అందంగా రాయడం నాకు చేతకాదు. ఆయన కూడా అందమైన మనిషేం కాదు.

నౌపడలో రైలు దిగి, ఉప్పు మళ్లు దాటి సముద్రం వైపు వస్తే మా పేట. పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు కుప్పలు పోసి పాట పెడతారు. ఆ పాట పాడేది, అంటే ధరలు పిలిచేది, బావ. పాట పాడేవాడు తాను కొనకూడదు, అమ్మకూడదు. కుప్పకు ఇంత అని కూలి తీసుకోవాలి. అందరూ సముద్రం వైపు చూస్తుంటే ఆయన సముద్రానికి వీపు పెట్టి నిలబడేవాడు. "సేపని సూసి పాట పాడీవోడు ఎర్రోడు. కొనీవోడి గొంతుక సూడాల. గుటక మింగినాడంటే ఇంకో ఇరవై ఎడతాడు" అనేవాడు.

లెక్కంతా ఇరవైలలోనే. ఎంత పెద్ద చేపకైనా, ఎన్ని వేలైనా ఇరవైలే. చదువుకున్న కుర్రాడెవడైనా ఐదొందలంటే, "అది నోటు పేరురా. ఎన్ని ఇరవైలో సెప్పు" అని నిలదీసేవాడు. వాడు వేళ్లు లెక్కపెట్టుకునేలోపు, "ఇరవై అయిదు. నీకు పెట్టిన ఫీజులు మీ అయ్యకి తిరిగిచ్చీ" అని తువ్వాలుతో వాడి తల మీద కొట్టేవాడు. నోరు మంచిది కాదు. నేను నెత్తళ్లకు బేరమాడుతుంటే పదిమందిలో అనేవాడు: "ఏటే మరదలా, నీ మొగుడు సముద్రంలోకి పోయి రానేదంటే ఎందుకు రానేదో ఇప్పుడు తెలిసినాది. నీ బేరం కన్నా సొరసేప మేలనుకున్నాడు." నేనూ ఊరుకునేదాన్ని కాదు. "నీ పెళ్లాం పుట్టింటికి పోయి ఎన్నాళ్లయినాది బావ? దాన్ని ఏ సొరసేప పట్టుకుపోనాది?" అనేదాన్ని. ఆమె ఆయన తాగుడు పడలేక వెళ్లిపోయిందని పేటంతా ఎరుగుదురు. ఆయన నవ్వేవాడు. తాగుడు మానేసి అప్పటికి చాలా కాలమైంది, ఆమె మాత్రం రాలేదు.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో చావో, ఆసుపత్రో, పెద్దకర్మో వచ్చిపడి చేతిలో డబ్బు లేనివాడు కుప్ప మీద తన తువ్వాలు వేసేవాడు. ఆడవాళ్లమైతే బుట్ట బోర్లించేవాళ్లం. వెంటనే బావ పాట ఆపి, "ఇబ్బంది సెప్పు" అనేవాడు. అందరికీ వినపడేలా చెప్పాలి. చెప్పిన తర్వాత ఆ కుప్ప మీద ఎవరూ పాట పెంచరు. మొదటి ధరకే అది తువ్వాలు వేసినవాడిది. బయట ఎక్కువకు అమ్ముకుని నాలుగు రూపాయలు చూసుకుంటాడు.

నా మొగుడు పోయిన కొత్తలో నేనూ బుట్ట బోర్లించాను. ఆయనకొక్కడికే వినపడేలా గొణిగాను. బావ వదల్లేదు. "నాకు తెలుసే. నాకు కాదు, ఆళ్లకి సెప్పు. గొణిగితే ఎవుడికీ వినపడదు" అన్నాడు. చెప్పాను. నా మొగుడు పోయాడని నా నోటితో నేను అనడం అదే మొదలు. ఆ రోజు బావను చంపేయాలనిపించింది. ఎవరూ పాట పెంచలేదు.

ఒకడు మాత్రం తల్లికి జబ్బని చెప్పి తువ్వాలు వేసి, మంచి వంజరం కుప్ప కొట్టేశాడు. రెండు రోజులకు ఆ తల్లి టెక్కలి సంతలో బెల్లం బేరమాడుతూ మాకు కనిపించింది. మర్నాడు బావ వాడి భుజం మీది తువ్వాలు లాగి అలల్లోకి విసిరేశాడు. ఆ వేట కాలమంతా వాడి మాట పాటలోకి తీసుకోలేదు. వాడు చుట్టూ తిరిగి బతిమాలితే బావ అన్నది ఒకటే మాట: "సేప కుల్లిపోతే కాకులైనా తింటాయి. ఇబ్బంది కుల్లిపోతే ఎవుడు తింటాడురా?"

ఇక నోటు సంగతి.

మావయ్య, అంటే బావ తండ్రి, కుర్రతనంలో రంగూను రేవులో మూటలు మోశాడు. యుద్ధం వచ్చి బాంబులు పడితే అందరితోపాటు అడవుల వెంట నడుచుకుంటూ వచ్చేశాడు. దారిలో దొంగలు దోచుకోకుండా, మిగిలిన ఒక్క పది రూపాయల నోటునూ గోచీ అంచులో పెట్టి వల అల్లే నూలుతో కుట్టేసుకున్నాడు. ఇంటికి చేరి కుట్టు విప్పి టెక్కలి కోమటి ముందు పెడితే, ఆయన నోటు తిరగేసి, "దీని మీద బర్మాలోనే చెల్లుతుందని అచ్చేసి ఉంది నాయనా" అని వెనక్కి ఇచ్చాడట. ఎవరైనా పట్నం వెళ్లి మార్చుకో అన్నారేమో, మార్చుకోలేదు. చాలా ఏళ్లు బతికి, జ్వరంతో పోయాడు. పోయే ముందు మూడు పూటలూ రేవు మాటలే. ఫలానా ఓడ వచ్చింది, మూటలు దించాలి, మేస్త్రీ తిడుతున్నాడు అని పలవరింతలు. నోటును అత్త రేకు పెట్టెలో దాచింది.

అత్తకు చూపు పోయి, మంచం పట్టాక, ఒక రోజు కొడుకును పిలిచింది. నేను అక్కడే ఉన్నాను.

"ఒరే, ఆ నోటు తీసి దగ్గిర పెట్టు. నాను పోయినప్పుడు నా సేతిలో ఎట్టాల."

"సెల్లని నోటు ఎందుకమ్మా?"

"ఇక్కడ సెల్లదు. మీ అయ్య ఉన్న సోట సెల్లుతాది. కడదాకా ఆ రేవు కాడే తిరిగినాడు. ఇంకెక్కడికి పోతాడు? ఉత్త సేతుల్తో ఎల్తే, ఇన్నాళ్లూ ఏటి సేసినావంటాడు."

"పెట్లో ఉన్నాదిలేయే" అన్నాడు బావ.

"అయితే ఇలగ తే. ఓపాలి కుట్టు తడుంకుంటాను."

"తాళం కనపడనేదు. రేపు తెత్తాను" అని బయటకు వచ్చేశాడు.

సాయంత్రం నేను చేపలు ఎండబెట్టే చోటికి వచ్చి ఇసుకలో చతికిలబడ్డాడు. చాలాసేపు చేప తలకాయలు ఏరి కుక్కకు వేశాడు.

"ఒసే, ఆ నోటు నేదు" అన్నాడు చివరికి.

"ఏటయినాది?"

"తుఫాను ఏడు అమ్మీసినాను. అరసవల్లిలో పాత డబ్బులు కొనే ముసిలోడికి. ఏడు ఇరవైలిచ్చినాడు. ఇంట్లో నూకలు నేవు, పొయ్యి ఎలగనేదు. ఏటి సెయ్యమంటావు?"

ఆ ఏడు పేటలో ఎవరు ఏది అమ్ముకోలేదు గనుక. నేను నా కాళ్ల కడియాలు అమ్ముకున్నాను.

మర్నాడు ఇద్దరం అరసవల్లి వెళ్లాం. ముసలాయన ఎప్పుడో పోయాడు, బడ్డీలో కొడుకు ఉన్నాడు. నోటు ఎలా ఉంటుందో వివరంగా అడిగి, తండ్రి ఏనాడో ముంబై వైపు అమ్మేసి ఉంటాడన్నాడు. ఇప్పుడు పాత నోట్లన్నీ ఫోనులో పాట పెడుతున్నారనీ, కంట పడితే కబురు చేస్తాననీ నా నంబరు తీసుకున్నాడు. "ఫోనులో పాటా?" అన్నాడు బావ. పొద్దుటి నుంచి వాడిపోయిన ముఖంలో మొదటిసారి కళ కనిపించింది. "పాటయితే భయం నేదే. పాట మన సేతిలోదే."

కబురు రావడానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో పెద్ద నోట్లు రద్దయ్యాయి. బ్యాంకు దగ్గర వరసలో నిలబడ్డ కుర్రాళ్లు బావను ఏడిపించేవారు: "మావా, మీ నోటు బర్మాలోనైనా సెల్లుతాది. మా నోట్లు ఎక్కడా సెల్లవు. మమ్మల్ని రంగూను తీసుకుపో." బావ, "నడిసి రావాల్రా, నీ కాళ్లకి అంత ఓపిక నేదు" అనేవాడు. ఇంట్లో అత్త రోజూ అడుగుతోంది. రోజూ తాళం దొరకడం లేదు.

ఆ తర్వాతి ఎండాకాలం, వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నప్పుడు ఫోను వచ్చింది. పరుగున వెళ్లాం. బడ్డీ అతను బొమ్మను వేళ్లతో లాగి పెద్దది చేశాడు. బావ అద్దం మీద గోరు పెట్టి బెజ్జాల వెంట నడిపించాడు. "మూడు కుట్లు, ఓ ముడి. మూడు కుట్లు, ఓ ముడి. మా అయ్య కుట్టే" అన్నాడు. గుటక మింగాడు.

"పాతిక వేల లోపు వచ్చేస్తాది పెద్దాయనా. బెజ్జాలున్న నోటు కాబట్టి పెద్ద పెద్దోళ్లు దీని జోలికి రారు. మనం నోరు మూసుకుని ఆఖర్లో పాడదాం" అన్నాడు అతను.

బావ ఇంజను పడవలో తనకున్న వాటా అమ్మి ముప్పై వేలు తెచ్చి అతని చేతిలో పోశాడు. పోసి, "మరి తువ్వాలు ఎలగ ఎయ్యాల?" అన్నాడు.

అతనికి అర్థం కాలేదు. బావ విడమరిచి చెప్పాడు. ఇబ్బంది చెబితే మిగతావాళ్లు తప్పుకుంటారు, మొదటి ధరకే వదిలేస్తారు, ముప్పై వేలూ అక్కర్లేదు.

"వద్దు పెద్దాయనా. అక్కడ అలాటిది లేదు. చెప్తే రేటు పెరుగుతాది."

"ఎందుకు పెరుగుతాది? తల్లి సావుబతుకుల్లో ఉన్నాదంటే పాట పెంచీవోడు మడిసేనా?"

"వాళ్లు మనుషులు కాదని కాదు..."

"మరేటి? సెప్పకుండా పట్టుకుపోతే అది దొంగతనం. పాటలో దొంగతనం నా సేత సేయించకు. ఫోను కలుపు."

నాకూ అందులో తప్పేమీ తోచలేదు. మా ఒడ్డున పెరిగినవాళ్లకు ఎవరికీ తోచదు. బడ్డీ అతను మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను, వ్యాపారస్తుడు. రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి కలిపాడు. బావ బడ్డీ ముందు నిలబడి, ఒడ్డున పాట పాడే గొంతుతో చెప్పాడు. రోడ్డు మీద ఆటోలవాళ్లు ఆగి విన్నారు. రంగూను, నడక, గోచీ, కుట్టు, కోమటి, జ్వరం, తుఫాను, ఆకలి, తల్లి, ఆమె చెయ్యి. అతను దాన్ని హిందీలో అటువైపు చెప్పాడు. అటువైపు వాళ్లు చాలా మర్యాదగా విన్నారట. అమ్మగారి చేతి ఫోటో ఒకటి పంపగలరా అని అడిగారట. బావ ఉబ్బిపోయాడు. "సూసినావా, ఇబ్బంది ఎక్కడైనా ఇబ్బందే" అన్నాడు నాతో. ఇంటికి వెళ్లి, నిద్రపోతున్న అత్త చేతిని దుప్పటిలోంచి తీసి నా ఫోనుతో ఫోటో తీయించాడు.

పాట రోజు మధ్యాహ్నం బడ్డీలో ముగ్గురమే ఉన్నాం. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. బావ ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఎనిమిది వేలతో మొదలైంది. ఆయన చెయ్యి గాలిలోకి లేచింది, పాట పెట్టేటప్పుడు లేచినట్టే.

"పన్నెండు వేలు" అన్నాడు అతను.

"ఎన్ని ఇరవైలే?"

"ఆరొందలు" అన్నాను.

"ఎవుడాడు పాడతన్నాడు? మొకం కనపడదేటి?"

"నంబరే కనిపిస్తాది పెద్దాయనా."

టైము అయిపోయేలోపు ఎవరైనా పాడితే టైము ఇంకాస్త పెరుగుతుందని అతను చెబితే, "మంచి పద్ధతే. గుటక మింగడానికి టైమిస్తన్నారు" అన్నాడు బావ. అదే ఆయన ఆ రోజు ఆడిన ఆఖరి సరదా మాట. పదిహేను, పద్దెనిమిది, ఇరవై రెండు. కమీషనూ టాక్సూ పోను ఇరవై నాలుగు వేల దాకానే మన డబ్బు వస్తుంది. ఇరవై నాలుగు మనది. వెంటనే ఇరవై ఆరు అని పడింది.

"ఆడికి మన ఇబ్బంది సెప్పనేదేటి ఆళ్లు?"

అతను ఫోను వైపే చూస్తూ చెప్పాడు. "చెప్పారు. నోటు కింద మొత్తం రాసినారు. అమ్మ చెయ్యి ఫోటో కూడా పెట్టినారు. అందుకే పాడతన్నారు పెద్దాయనా. ఉత్త నోటయితే ఎవడిక్కావాలి?"

బావకు అది అందడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో ముప్పై రెండయింది.

"పాడు. ఇల్లు ఎట్టెయ్యి."

"ఇల్లు ఇందులో పట్టదు."

తర్వాత ఇద్దరు నంబర్లవాళ్లు వాళ్లలో వాళ్లు పాడుకున్నారు. నలభై, అరవై, ఎనభై. బావ ఇరవైలు అడగడం మానేశాడు. లక్ష దాటి ఎక్కడో ఆగింది. బడ్డీ అతను డబ్బు తిరిగి లెక్కపెట్టి ఇస్తే లెక్క చూసుకోకుండా పంచెలో దోపుకున్నాడు. టెక్కలిలో కండక్టరు చిల్లర ఇస్తుంటే, నా వైపు తిరగకుండానే అన్నాడు: "నోటు కొనుక్కోనేదే ఆళ్లు. ఇబ్బంది కొనుక్కున్నారు."

ఇంటికి వచ్చాక ఆయన చేసింది ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియడానికి కారణం, కాగితం అడగడానికి నా దగ్గరికే వచ్చాడు. చెల్లుబాటులో ఉన్న పది రూపాయల నోట్లలో బాగా నలిగి గుడ్డలా మెత్తబడ్డది ఒకటి ఇచ్చాను. దాన్ని టీ నీళ్లలో ముంచి ఆరబెట్టాడు. ఇప్పటి వలలన్నీ నైలాను. నూలు కోసం ఎవరి అటక మీదో పాత వల వెతికి దారం లాగాడు. మూడు కుట్లు, ఓ ముడి. మూడు కుట్లు, ఓ ముడి. తర్వాత దారం పీకేసి, బెజ్జాల మీద రాయితో రుద్దాడు. వాటిని కళ్లు మూసుకుని తడిమి చూసుకున్నాడు. నన్నూ తడమమన్నాడు. నాకేం తెలుస్తుంది?

"తాళం దొరికినాదమ్మా" అని అత్త చేతిలో పెట్టాడు.

అత్త అంచు పట్టుకుంది. బొటనవేలితో ఆ కొస నుంచి ఈ కొస దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. బయట కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెల కోసం తగువులాడుకుంటున్నారు. ఆ తగువు అయిపోయేదాకా ఆమె వేలు అంచు మీద తిరుగుతూనే ఉంది.

"ఇది నీ సెయ్యిరా" అంది.

బావ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతకి అమ్మీసినావు?"

"ఏడు ఇరవైలకి."

"ఎప్పుడు?"

"తుఫాను ఏడు."

అత్త బొటనవేలు ఇంకా బెజ్జాల మీదే ఉంది. "ఆ డబ్బుల్తో తిన్నామా?" అంది.

"తిన్నామమ్మా."

"అయితే సాలు" అంది. ఆ కాగితాన్ని మడిచి పిడికిట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నాలుగైదు రోజులు బతికింది. మట్టిలో పెట్టేటప్పుడు పిడికిలి ఎవరూ విప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక ఒక ఉదయం బావ నా దగ్గరికి వచ్చాడు. వేట మళ్లీ మొదలైంది, పడవలు ఇంకా రాలేదు. నేను నెత్తళ్లు తిరగేస్తున్నాను. అమ్మ క్షమించేసిందని, ఇక మనసు కుదుటపడుతుందని ఆయనకు చెప్పాలనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"ఒసే. తిన్నామని సెప్పినాను కదా."

"సెప్పినావు. మంచి పని సేసినావు."

"తిననేదు. అరసవల్లి నుంచి వత్తా టెక్కలిలో సారాకొట్టు కాడ దిగినాను. ఏడు ఇరవైలూ అక్కడే. ఇంటికొచ్చీసరికి సీకటి పడిపోనాది. అమ్మ నాలుగిళ్లు తిరిగి గంజి అడుక్కొచ్చి, నా వాటా మూతెట్టి ఉంచినాది. అదీ తాగేసి పడుకున్నాను."

ఆయన నా ముఖం చూడలేదు.

"అడుక్కొచ్చింది అమ్మే కదే. తిన్నామో నేదో ఆవిడికి తెల్దేటి?"

దూరంగా మొదటి పడవ ఇంజను చప్పుడు వినపడింది. ఒడ్డున కొనేవాళ్లు పోగవుతూ, పాట పాడాలి రమ్మని ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన లేవలేదు. ఎవరో కుర్రాడు పాట మొదలుపెట్టాడు, వందల్లో.